కప్ రోజు పిల్లల్ని ఫ్లెమింగ్టన్ తీసుకెళ్తున్నారా? ఇది చదివి వెళ్లండి

అక్టోబరు వచ్చిందంటే మెల్‌బోర్న్ పడమటి సబర్బుల్లో, మా టార్నెట్, పాయింట్ కుక్ వైపు తెలుగువాళ్లలో ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఒకటే, నవంబరులో ఇక్కడి ఫ్లెమింగ్టన్ రేసుకోర్సులో జరిగే పెద్ద గుర్రప్పందెం గురించి. "మెల్‌బోర్న్ కప్‌కి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? అక్కడంతా తాగేవాళ్లు, పందేలు కాసేవాళ్లే కదా?" తీసుకెళ్లొచ్చు. నేను మా అమ్మాయిని మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి అన్నీ తప్పులే చేశాను, రెండోసారి చాలావరకు సరిదిద్దుకున్నాను, మూడోసారికి ఇద్దరం హాయిగా వెళ్లి హాయిగా వచ్చాం. ఆ మూడుసార్లలో తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, మలక్‌పేట రేసుకోర్సుకి దగ్గర్లోనే. ఆ గోడ పక్కనుంచే రోజూ బస్సులో స్కూలుకి వెళ్లేదాన్ని, కానీ గోడకి అవతల గుర్రం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. రేసులున్న రోజు సాయంత్రం రోడ్డు నిండా మగవాళ్లు, చేతుల్లో నలిగిన రేసు పుస్తకాలు, ముఖాల్లో నెత్తురుచుక్క ఉండేది కాదు. మా వీధిలోనే ఒక కుటుంబం రేసుల్లో ఇల్లు పోగొట్టుకుంది. అందుకే మా ఇంట్లో రేసుకోర్సు అనే మాటే చెడ్డమాట. మీలో చాలామంది ఇళ్లలోనూ అంతే అయ్యుంటుంది, ఆ భయం అబద్ధమని నేననను. కానీ ఇక్కడికి వచ్చాక మొదటిసారి కంచె పక్కన నిలబడి గుర్రాలు దౌడు తీస్తుంటే చూసినప్పుడు, ఇన్నేళ్లూ గోడకి ఇవతలే ఉండిపోయానే అని నిజంగా బాధపడ్డాను. మా అమ్మాయికి గుర్రాన్ని చూపించాలి, పందెం మాత్రం అంటనివ్వకూడదు అనుకున్నాను. కింద రాసినదంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. మీకు పందెం కాయాలని ఉంటే ఆ రోజు పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్లండి. రెండూ ఒకేరోజు కుదరవు, ఈ ఒక్క విషయంలో నేను మొండిదాన్ని.

ఏ రోజు వెళ్లాలి

చాలామందికి కప్ ఒక్కరోజు పండగ అనుకునే అలవాటు. ఫ్లెమింగ్టన్‌లో అది వారం రోజుల్లో నాలుగు రోజుల సంబరం. శనివారం డెర్బీ డే, నవంబరు మొదటి మంగళవారం కప్ డే, గురువారం ఓక్స్ డే, ఆ తర్వాతి శనివారం స్టేక్స్ డే. మంగళవారం మెల్‌బోర్న్‌లో పబ్లిక్ హాలిడే కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. 2003లో కప్ రోజు 1,22,736 మంది వచ్చారు, ఇప్పటికీ అదే రికార్డు. ఈ మధ్య ఏళ్లలో అంత లేకపోయినా ఎనభై, తొంభై వేల మంది వస్తున్నారు. అంతమందిలో మూడున్నర అడుగుల పిల్లకి కనిపించేది పెద్దవాళ్ల నడుములు, మోచేతులు. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. అప్పుడు మా అమ్మాయికి అయిదేళ్లు. కప్ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి తీరుబడిగా చేరుకున్నాం. ఎక్కడ నిలబడ్డా వీపులే. మూడు గంటలకి కప్ మొదలయ్యేసరికి చుట్టూ ఒక్కసారిగా అరుపులు, పిల్ల చెవులు మూసుకుని ఏడుపు. గుర్రం తోక కూడా చూడకుండా ఇంటికొచ్చాం.

కాబట్టి పిల్లలకి ఏడెనిమిదేళ్లలోపు ఉంటే, మొదటిసారి అయితే, స్టేక్స్ డే శనివారం వెళ్లండి. నాలుగు రోజుల్లో కుటుంబాలతో వచ్చేవాళ్లు ఎక్కువగా కనిపించేది ఆ రోజే, పిల్లల కోసం ఆటలు, కార్యక్రమాలు కూడా పెడుతుంటారు. అవే గుర్రాలు కాకపోవచ్చు కానీ గుర్రం గుర్రమే, పిల్లకి కప్ గెలిచిన గుర్రమైతేనే గొప్ప అనేం ఉండదు. గురువారం బడి ఉంటుంది, డెర్బీ డే నాడు జనం, ఖరీదు రెండూ ఎక్కువే. ఎనిమిది దాటిన పిల్లలు, కాస్త ఓపిక ఉన్నవాళ్లు, "కప్పే చూడాలి" అని పట్టుబడితే మంగళవారమే వెళ్లండి, కానీ పొద్దున్నే.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. ఏ వయసు వరకు పిల్లల టికెట్, బయటి తిండి ఏ మేరకు లోపలికి తెచ్చుకోవచ్చు అనేవి ఏడాదికోసారి మారుతుంటాయి, కొనేటప్పుడే ఆ నిబంధనల పేజీ చదివేయండి. మందు, గాజు సీసాలు బయటినుంచి తేకూడదన్నది ఎప్పుడూ ఉండేదే, కాబట్టి పచ్చడి గాజు సీసాలో పెట్టుకుని బయల్దేరకండి.

వెళ్లేముందు వారం ఇంట్లో ఏం చేయాలి

దీన్ని చాలామంది వదిలేస్తారు. నాకైతే అసలు ఆనందం ఇక్కడే మొదలవుతుంది.

కప్‌కి ముందు ఆదివారం పిల్లని కార్ల్‌టన్‌లో ఉన్న మెల్‌బోర్న్ మ్యూజియంకి తీసుకెళ్లండి. పిల్లలకి టికెట్ లేదు. అక్కడ గాజు పెట్టెలో ఫార్ లాప్ నిలబడి ఉంటుంది. 1930లో కప్ గెలిచిన గుర్రం, 1932లో అమెరికాలో చనిపోయింది. దాని చర్మం ఇక్కడ మెల్‌బోర్న్‌లో, గుండె క్యాన్‌బెరాలోని నేషనల్ మ్యూజియంలో, ఎముకలగూడు అది పుట్టిన న్యూజిలాండ్‌లో ఉన్నాయి. ఆ గుండె ఆరు కిలోల పైమాటే. ఇది చెప్పగానే మా అమ్మాయి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నాది ఎంతమ్మా?" అంది. దాని పిడికిలి మూసి చూపించి, "ఇంతే" అన్నాను. ఆ తర్వాత వారం రోజులూ వేరే కబుర్లు లేవు.

రెండోది పంచకళ్యాణి. మా అమ్మ చెప్పే కథల్లో రాకుమారుడెప్పుడూ మామూలు గుర్రం ఎక్కడు, పంచకళ్యాణినే ఎక్కుతాడు. నాలుగు కాళ్లూ కింద తెల్లగా, ముఖం మీద తెల్లమచ్చ, మొత్తం అయిదు. వీడియో కాల్‌లో అమ్మమ్మ చేత ఆ కథ చెప్పించండి. రేసుకోర్సు పేరు వినగానే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు, మా అమ్మా చిట్లించింది. "పిల్ల పంచకళ్యాణిని వెతకడానికి వెళ్తోందమ్మా" అన్నాక మెత్తబడింది. పిల్లకి ఆ రోజు పని అదే: వచ్చిన ప్రతి గుర్రం కాళ్లూ ముఖం చూసి లెక్కపెట్టడం. మూడు తెల్లకాళ్లవి, రెండు తెల్లకాళ్లవి, నుదుటి మీద చుక్క ఉన్నవి, ముక్కు దాకా తెల్లచార ఉన్నవి కనిపిస్తాయి. నిజంగా అయిదూ ఉన్నది అరుదు, అందుకే ఆట రోజంతా సాగుతుంది. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇచ్చేయండి.

మూడోది, ఆ రోజు ఏం చూడబోతున్నామో చెప్పడం. కప్‌లో ఎక్కువలో ఎక్కువ ఇరవై నాలుగు గుర్రాలు పరుగెడతాయి, దూరం 3200 మీటర్లు, పట్టేది మూడు నిమిషాల ఇరవై సెకన్ల చుట్టుపక్కల. మొదటిసారి జరిగింది 1861లో, గెలిచింది ఆర్చర్. మగవాళ్లే గెలుస్తారా అని ఆడపిల్లలు తప్పకుండా అడుగుతారు. 2015లో మిషెల్ పేన్ గెలిచింది, కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ ఆవిడే, గుర్రం పేరు ప్రిన్స్ ఆఫ్ పెన్‌జాన్స్. గుర్రాల్లోనూ ఆడదే గొప్ప. మకైబీ దీవా అనే ఆడగుర్రం 2003, 2004, 2005లో వరసగా మూడుసార్లు గెలిచింది, మూడుసార్లు గెలిచిన గుర్రం ఇంకోటి లేదు. ఇంకో తమాషా సంగతి, ఇక్కడి రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటే, ఆగస్టు 1. ఎప్పుడు పుట్టినా ఆ రోజే ఒక ఏడాది పెరుగుతుంది. అన్నిటికీ ఒకేసారి కేకు కట్ చేస్తారా అని మా అమ్మాయి చాలాసేపు ఆలోచించింది.

బట్టలు, సంచి, తిండి

మెల్‌బోర్న్‌లో నవంబరు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, పొద్దున ఎండ మండిపోతుంది, మధ్యాహ్నానికి చలిగాలి, సాయంత్రం వాన. మూడింటికీ సిద్ధంగా ఉండాలి. టోపీ, సన్‌స్క్రీన్ (ఇంటిదగ్గర రాసింది చాలదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి), పల్చటి రెయిన్ జాకెట్. గొడుగు వద్దు, వెనకవాళ్లకి అడ్డం, గుర్రాల దగ్గర తెరిస్తే అవి బెదురుతాయి.

అక్కడికి అందరూ ముస్తాబై వస్తారు. ఫ్యాషన్స్ ఆన్ ద ఫీల్డ్ అనే బట్టల పోటీ 1962 నుంచీ నడుస్తోంది. పిల్లకి కూడా సింగారించుకోవాలని ఉంటుంది, కాదనకండి. మా అమ్మాయి పట్టులంగా కట్టుకుంటానంది. సరే కట్టుకో అన్నాను, కాకపోతే అంచు చీలమండకి పైకి ఉండేలా మడిచి కుట్టాను, లోపల లెగ్గింగ్స్, కాళ్లకి బూట్లు. గడ్డి తడిగా ఉంటుంది, రోజంతా నడక, చెప్పులు పనికిరావు. ఒక్కో రోజుకీ ఒక్కో పువ్వు ఉంటుంది: డెర్బీ రోజు నీలి కార్న్‌ఫ్లవర్, కప్ రోజు పసుపు గులాబీ, ఓక్స్ రోజు లేతగులాబీ రంగు గులాబీ, స్టేక్స్ రోజు ఎర్ర గులాబీ. ముందురోజు రంగుకాగితంతో పిల్లతో కలిసి ఒకటి చేసి జడలో పెట్టండి. ఫ్లెమింగ్టన్‌లో వేలకొద్దీ గులాబీ మొక్కలున్నాయి, వాటి ముందు ఫోటో దిగితే అదొక ముచ్చట.

తిండికి లోపల లైన్లు పెద్దవి, పన్నెండు నుంచి రెండు దాకా మరీ. మేం పులిహోర, జంతికలు, అరటిపళ్లు, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టుకెళ్తాం. పదకొండున్నరకే పిల్లకి పెట్టేస్తాం, అందరూ తిండికి లైన్లో నిలబడినప్పుడు మాకు కంచె దగ్గర చోటు దొరుకుతుంది. పెరుగన్నం మాత్రం ఎండలో వద్దు. చిన్నపిల్లలైతే చెవులకి పెట్టే హెడ్‌ఫోన్ లాంటి మఫ్‌లు తప్పనిసరి అంటాను. మొదటిసారి అవి ఉండుంటే మా పిల్ల ఏడ్చేదే కాదు.

చేతికి ఒక బ్యాండ్ కట్టి దాని మీద మీ ఫోన్ నంబరు రాయండి. లోపల అడుగుపెట్టగానే ఫార్ లాప్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి, "తప్పిపోతే ఇక్కడికి రా, లేదా యూనిఫాం వేసుకున్నవాళ్లకి ఈ బ్యాండ్ చూపించు" అని చెప్పి, అదే మాట పిల్ల నోటితో తిరిగి చెప్పించుకోండి. మ్యూజియంలో చూసిన గుర్రమే కాబట్టి ఆ విగ్రహం వాళ్లకి గుర్తుంటుంది.

ఎలా వెళ్లాలి

కారు ఆలోచన మానేయండి. రేసు రోజుల్లో ఫ్లిండర్స్ స్ట్రీట్, సదర్న్ క్రాస్ స్టేషన్ల నుంచి రేసుకోర్సు లోపలి స్టేషన్‌కే ప్రత్యేకంగా రైళ్లు నడుస్తాయి. టార్నెట్, విండమ్ వేల్ వాళ్లు వీ లైన్ రైల్లో సదర్న్ క్రాస్‌లో దిగి మారితే చాలు. 57 నంబరు ట్రామ్ కూడా వెళ్తుంది, పిల్లలకి ట్రామ్ సరదా ఎక్కువ కానీ రద్దీలో నిలబడి అంతసేపు కష్టం. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడూ రైలే. మడతపెట్టడానికి వీలైన చిన్న ప్రామ్ (పిల్లల్ని తోసే బండి) అయితే పర్లేదు, పెద్దది గడ్డి మీద, జనంలో గుదిబండ.

కప్ రోజు మొదటి రేసు పదకొండు లోపే మొదలవుతుంది. మీరు దానికి ముందే లోపల ఉండాలి. పొద్దున రెండు రేసుల సమయంలో జనం పలచగా ఉంటారు, పిల్లలకి నిజంగా చూడ్డానికి దొరికే సమయం అదే. పెద్ద రేసు కోసం వెళ్లినా చూపించాల్సింది చిన్న రేసుల్లో చూపించేయండి.

ఎక్కడ నిలబడాలి, ఏం చూపించాలి

ముందు మౌంటింగ్ యార్డ్. రేసుకి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే చోటు. ఒక్కో గుర్రాన్నీ ఒక్కో మనిషి కళ్లెం పట్టుకుని నడిపిస్తాడు, వాళ్లని స్ట్రాపర్లు అంటారు. రోజూ మేత పెట్టేది, తోమేది వాళ్లే. పిల్లని జాకీ వైపు కాకుండా ముందు స్ట్రాపర్ వైపు చూడమనండి. అతను గుర్రం మెడ మీద చెయ్యివేసి ఏదో చెబుతుంటాడు, అది చెవి ఒకటి అతని వైపు తిప్పి ఇంకో చెవి జనం వైపు పెట్టి ఉంటుంది. రెండు చెవులూ వేరువేరుగా తిరుగుతాయని మా అమ్మాయి కనిపెట్టింది, నేను గమనించనే లేదు. మెడ మీద నరాలు తేలి ఉంటాయి, కొన్నిటికి తొడల మధ్య చెమట నురగలా కడుతుంది, అవి కంగారు పడుతున్నవి. కొన్నిటికి పక్కలు కనబడకుండా కళ్లకి గంతలు కడతారు, అవి గుడ్డివా అని పిల్లలు అడుగుతారు. కాదు, పక్కనున్నవాటిని చూసి దృష్టి మరల్చుకోకుండా అని చెప్పండి. పంచకళ్యాణి లెక్క కూడా ఇక్కడే. తెల్లగుర్రం కనిపిస్తే ఒక మాట చెప్పండి, దాదాపు అన్నీ పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి, తాతయ్య జుట్టులాగా.

తర్వాత జాకీల రంగురంగుల చొక్కాలు. గుర్రం యజమానిని బట్టి రంగులు. చిన్నపిల్లలకి అంకెల కంటే రంగులే తేలిక, "గులాబీరంగు చుక్కల చొక్కా" అని గుర్తుపెట్టుకుంటే రేసు మొత్తం పట్టుకోగలరు. పెద్దపిల్లలైతే రేసు పుస్తకం చూపించండి: గుర్రం నంబరు, వయసు, తల్లి, తండ్రి, మోసే బరువు. గుర్రం నంబరు వేరు, రేసు మొదలయ్యేటప్పుడు అది నిలబడే గేటు నంబరు వేరు, ఈ రెండూ కలిపేసుకుని తికమకపడతారు. బరువు సంగతి మాత్రం తప్పక చెప్పండి. మెల్‌బోర్న్ కప్‌లో బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ, 50 కిలోల నుంచి పైకి. జాకీ తేలికగా ఉంటే జీనులో సీసం పెడతారు. రేసయ్యాక జాకీ జీను మోసుకుంటూ వెళ్లి మళ్లీ తూకం మీద నిలబడతాడు. "బాగా పరుగెత్తేదానికి ఎక్కువ బరువెందుకు, అది అన్యాయం కదా" అని మా అమ్మాయి గంటసేపు వాదించింది. నేను దాన్ని ఒప్పించలేకపోయాను, మీ పిల్లలతో మీరు ప్రయత్నించండి.

కప్ రేసుకి గెలుపు స్తంభం ఎదురుగా చోటు కోసం పాకులాడకండి. కంచె వెంట దూరం జరిగేకొద్దీ జనం పలచబడతారు. 3200 మీటర్ల రేసు మొదలయ్యేది పొడవాటి తిన్నని దారి అవతలి కొసన, ట్రాక్ చుట్టుకొలత 2312 మీటర్లు, అంటే గుర్రాలు మీ ముందు నుంచి రెండుసార్లు వెళ్తాయి. మొదటిసారి గుంపుగా, ఇంకా తొందర లేకుండా. అప్పుడు పిల్లని తన గుర్రం రంగు వెతుక్కోనివ్వండి. రెండోసారి వచ్చేటప్పుడు చూడ్డానికి టైం ఉండదు. అప్పుడు చేయాల్సింది ఇంకోటి ఉంది. మూడోసారి వెళ్లినప్పుడు మేం కంచెకి ఆనుకుని నిలబడ్డాం. "కంచె రెయిలు మీద అరచెయ్యి పెట్టు" అన్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత సన్నగా వణుకు. "అమ్మా, వస్తున్నాయి!" అంది, అప్పటికి ఇంకా కనిపించనే లేదు. ఆ తర్వాత గిట్టల చప్పుడు, మట్టిపెళ్లలు ఎగరడం, తోలు కిర్రుమనడం, ముక్కుల్లోంచి భుస్ భుస్ మని ఊపిరి. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే, దౌడులో అడుగుకొక ఊపిరి. ఇది ముందే చెప్పి ఉంచితే పిల్ల ఆ చప్పుడు విని గుర్తుపడుతుంది. అన్నీ కలిపి ఏడెనిమిది సెకన్లు. మా అమ్మాయి చెయ్యి రెయిలు మీదనుంచి చాలాసేపు తియ్యలేదు.

ఒక జాగ్రత్త. కంచె దగ్గర జెండాలు, బెలూన్లు, రిబ్బన్లు ఊపనివ్వకండి. 2014లో అరాల్డో అనే గుర్రం కప్‌లో పరుగెత్తి తిరిగొస్తుండగా జనంలో ఊగిన జెండా చూసి బెదిరింది, కంచెని తన్ని కాలు విరగ్గొట్టుకుంది, చివరికి దాన్ని బతికించలేకపోయారు. గుర్రాలు భయస్తులు, ఈ సంగతి పిల్లకి వెళ్లేముందే చెప్పండి. అలా చెప్పాక మా అమ్మాయి తన టోపీ రిబ్బన్ తనే విప్పి సంచిలో పెట్టుకుంది.

కష్టమైన ప్రశ్నలు

"కొడుతున్నారెందుకు?" ఇది వస్తుంది. దాచకండి. ఇక్కడ కొరడాకి మెత్త ఉండాలి, చివరి వంద మీటర్లకి ముందు అయిదుసార్లకి మించి వాడకూడదు, మించితే జాకీకి శిక్ష పడుతుంది. అసలు కొట్టనేకూడదు అనేవాళ్లూ చాలామంది ఉన్నారు. ఇవన్నీ చెప్పి, నీకేమనిపిస్తోంది అని అడగండి. మా అమ్మాయి "నాకు నచ్చలేదు" అంది. నాకూ అంతే అన్నాను.

ఒక గుర్రం పడిపోతే? రేసు జరిగేచోట ఆ అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2018లో, 2020లో కప్‌లో గుర్రాలు గాయపడి చనిపోయాయి, ఆ తర్వాతే విదేశాల నుంచి వచ్చే గుర్రాల కాళ్లకి స్కానింగ్ తప్పనిసరి చేశారు. గుర్రం పడితే చుట్టూ తెర కట్టేస్తారు, వెటర్నరీ డాక్టర్లు వస్తారు. మీరు అక్కడే నిలబడి చూడకండి, పిల్లని ఎత్తుకుని గులాబీల వైపు వెళ్లిపోండి, "దెబ్బ తగిలింది, డాక్టరు చూస్తున్నారు" అని చెప్పండి. సాయంత్రం నిజం తెలిస్తే నిజమే చెప్పండి. ఈ విషయం భరించలేం అనుకునే ఇంట్లోవాళ్లు అసలు వెళ్లకపోయినా తప్పులేదు. మ్యూజియం, వెర్రిబీలో పోలో ఆటలు, ఊరి బయట గుర్రపుస్వారీ నేర్పేచోట్లు, గుర్రాన్ని చూపించడానికి వేరే దారులున్నాయి.

ఇక పందెం. పద్దెనిమిది లోపు వాళ్లు కాయకూడదన్నది చట్టం. కానీ బోర్డుల మీద అంకెలు, ప్రకటనలు, పక్కవాళ్ల కేకలు పిల్ల చెవిన పడకుండా ఆపలేం. ఆఫీసుల్లో, కొన్నిచోట్ల బళ్లలో కూడా చీటీలు తీసి స్వీప్ ఆడతారు, పైసలు లేకుండా చాక్లెట్లతో అయినా సరే మేం ఆడించం. దాని బదులు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి రేసుకీ పిల్ల ఒక గుర్రాన్ని ఎంచుకుంటుంది, దాన్ని మొదటినుంచి చివరిదాకా చూడాలి, చివర వచ్చినా సరే. రేసయ్యాక "గెలిచిందా" అని అడగం, "నీ గుర్రం ఎలా ఉంది?" అని అడుగుతాం. దానికి జవాబు చెప్పాలంటే తిరిగొచ్చేదాకా చూడాలి. పోయినసారి అది ఎంచుకున్న బూడిదరంగు గుర్రం చివరినుంచి రెండోది. మేం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి స్ట్రాపర్ దాని మీద బక్కెట్టుతో నీళ్లు పోసి, పలకలాంటి దానితో నీళ్లు గీసి తీస్తోంది, పొగలు లేస్తున్నాయి ఒంట్లోంచి. "అలిసిపోయింది, దాహంగా ఉంది, కానీ బాగానే ఉంది" అని నోటు పుస్తకంలో రాసుకుంది మా అమ్మాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా ఆ రోజు ఫోన్లో పందెం కాయకూడదు, నవ్వుతాలుకి అయిదు డాలర్లైనా. పిల్లలకి మన మాట కంటే మన ఫోను మీదే చూపు ఎక్కువ.

తిరిగొచ్చేటప్పుడు

కప్ అయిపోగానే, మూడున్నర లోపు, స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టండి. ఇంకా రేసులు ఉంటాయి, ఉండనివ్వండి. నాలుగు దాటాక మందు ప్రభావం కనిపిస్తుంది, చెప్పులు చేత పట్టుకుని తూలేవాళ్లు, గడ్డి మీద పడుకునేవాళ్లు. ఆఖరి రేసు అయ్యాక రైలుకి లైను చాలా పొడవుంటుంది, పిల్లని చంకనేసుకుని అందులో నిలబడలేం. తొందరగా వస్తే రైల్లో సీటు కూడా దొరుకుతుంది, దిగేలోపు పిల్ల నిద్రపోతుంది. సంచిలో తడి తుడుపు గుడ్డలు, మార్చుకోవడానికి ఒక జత, అడుగున ఒక ప్యాకెట్ బిస్కెట్లు ఉంచుకోండి, అవి ఆ రైల్లోనే పనికొస్తాయి.

పిల్లకి నచ్చిందనిపిస్తే ఏడాది ఆగక్కర్లేదు. మన పడమటి సబర్బుల వాళ్లకి వెర్రిబీ రేసుకోర్సు పక్కనే. కప్‌కి విదేశాల నుంచి వచ్చే గుర్రాల్ని క్వారంటైన్‌లో ఉంచేది అక్కడే, మన ఇళ్లకి అంత దగ్గర. డిసెంబరులో అక్కడ వెర్రిబీ కప్ జరుగుతుంది, ఫ్లెమింగ్టన్‌తో పోలిస్తే జనం చాలా తక్కువ, గుర్రాల్ని ఎంతో దగ్గరగా చూడొచ్చు. మా అమ్మాయి నోటు పుస్తకంలో ఇప్పటిదాకా మూడు తెల్లకాళ్లూ ముఖం మీద మచ్చా ఉన్నవి రెండు దొరికాయి. "నాలుగో కాలు కూడా తెల్లగా ఉన్నది వెర్రిబీలో చూస్తా అమ్మమ్మా" అని ఫోన్లో చెప్పేసింది, మా అమ్మ ఇప్పుడు ప్రతి ఆదివారం దొరికిందా అని అడుగుతోంది.